ప్రధానోపాధ్యాయులును ఉపాధ్యాయులును

పుష్యము గడచి మాఘము ప్రవేశించుసరికి గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలు రంగు మార్చుకొనును. పత్తి తీతలు ముగింపునకు వచ్చును. మిరప కోతలు ముమ్మరమగును. కల్లములలో నారబోసిన కాయలతో ఊరి పొలిమేరలు ఎఱ్ఱబారును. గుంటూరు మిర్చి యార్డునకు టిక్కీల బండ్లు బారులు తీరును. ధర యెంత పలికినది, తాలు యెంత తేలినది, కూలి యెంత పెరిగినది అను విచారములే పల్లెలలో నెల్లెడల వినవచ్చు నాదినములలో, మఱియొక లెక్కను గూర్చి విచారించువారు అరుదు. అది ఊరిబడిలోని హాజరుపట్టీ. నేడు మేము పాఠకుల దృష్టికి తేదలచినది ఆ పట్టీనే.

ఉపాధ్యాయులకును ప్రధానోపాధ్యాయులకును నడుమ సామరస్యము నెలకొనవలెనని ప్రతి విద్యాసభలోను వినుచునే యున్నాము. దానిని కేవలము మర్యాదకు సంబంధించిన విషయముగా భావించి, సెప్టెంబరు 5వ తేదీనాటి దండలతోను శాలువలతోను సరిపుచ్చుట మనకు పరిపాటియైనది. మా యభిప్రాయము వేరు. పరస్పరము నమస్కరించుకొనువా రందరును కలిసి పనిచేయుచున్నారని చెప్ప వలనుపడదు. ఆ సంబంధము మంచిదో కాదో తేల్చునది ఒక్కటే పరీక్ష. తరగతిలో జరుగుచున్న నిజమును, అది యెంత చేదైనను, ఉపాధ్యాయుడు తన ప్రధానోపాధ్యాయుని యెదుట నిర్భయముగా చెప్పగలుగుచున్నాడా? విన్న నిజమును ప్రధానోపాధ్యాయుడు నేరముగా గాక పనిగా స్వీకరించుచున్నాడా? ఈ రెంటికి నవునని సమాధానము వచ్చిన బడి బాగుపడును. కాదని వచ్చినచో, భవనమెంత గొప్పదైనను, గోడలపై సూక్తు లెన్ని వ్రాయించినను ప్రయోజనము లేదు.

పల్నాటి మెరక భూములలో నొక ఉన్నత పాఠశాలను ఊహింతము. ఎనిమిదవ తరగతి పట్టీలో 40 పేర్లు గలవు. ఫిబ్రవరి రెండవ వారమున బల్లలపై గూర్చున్నవారు 28 మంది. తక్కిన 12 మందిలో కొందరు తల్లుల వెంట మిరపతోటలకు పోయిరి. కొందరు ఆడపిల్లలు ఇంటివద్ద చంటిబిడ్డలను కనిపెట్టుకొని యున్నారు. ఒకరిద్దరు కల్లములకు కావలి. తరగతి ఉపాధ్యాయుడు కలము చేతబట్టెను. అతని యెదుట రెండు మార్గములు గలవు. 28 అని వ్రాసినచో పైనుండి ప్రశ్న వచ్చును. ఆ ప్రశ్న ప్రధానోపాధ్యాయుని మీదుగా మెమో రూపమున తన బల్లపైకే దిగును. 36 అని వ్రాసినచో ప్రశ్నయు లేదు, మెమోయు లేదు. మధ్యాహ్న భోజనపు లెక్కయు సరిపోవును. అందరును సుఖముగా నుందురు, ఆ 12 మంది పిల్లలు తప్ప.

ఆ క్షణమున ఆ ఉపాధ్యాయుని కలమును నడపునది అతని నీతిబలము మాత్రమే యనుకొనుట పొరపాటు. తన ప్రధానోపాధ్యాయుడు ఎట్టివాడో యను ఎఱుక దానిని నడపును. నిజము వ్రాసిన దినమున ఆయన తన ప్రక్కన నిలుచునా, లేక తప్పును తనపైకి నెట్టి తాను తప్పించుకొనునా? ఈ సందేహమునకు ఏండ్ల తరబడి లభించిన సమాధానమే ఆ బడి స్వభావమగును.

ఇది యొక్క హాజరుతో ముగియు విషయము కాదు. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చి నెలలో వచ్చును. 2025లో 17వ తేదీన ఆరంభమైనవి. మిరప కోత యుద్ధృతి యును అదే కాలము. పల్లెటూరి పేదబిడ్డకు సంవత్సరములో కూలి దండిగా దొరకు నెలయు, జీవితమును మలుపు త్రిప్పు పరీక్ష నెలయు ఒక్కటియే. ఆ బిడ్డ యేవైపు మొగ్గునో జనవరిలోనే పసిగట్టగలవాడు తరగతి ఉపాధ్యాయుడు. తలిదండ్రులను పిలిపించి, సర్పంచితో మాటలాడి, సాయంకాలపు తరగతుల నేర్పాటు చేయగలవాడు ప్రధానోపాధ్యాయుడు. చూచు కన్నొకరిది, కదలించు చేయి వేరొకరిది. కన్నునకు చేయికి నడుమ పలుకు లేకున్నచో ఆ బిడ్డ చేజారిపోవును.

మఱియొక వర్గపు పిల్లలు గలరు. కర్నూలు జిల్లా పడమటి భాగములనుండి, ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములనుండి, కుటుంబములకు కుటుంబములే పత్తి తీతకును మిరప కోతకును గుంటూరు సీమకు వలసవచ్చుట యేటేటి దృశ్యము. వారి బిడ్డలు స్వగ్రామపు పట్టీలో గైరుహాజరు. వచ్చిన యూరి పట్టీలో వారికి పేరే లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. వయస్సు నిరూపించు పత్రము లేదని గాని, బదిలీ పత్రము రాలేదని గాని, చేర్చుకొను గడువు దాటినదని గాని ఏ బిడ్డకును బడిలో ప్రవేశము నిరాకరింపరాదు. చట్టమున్నది, గట్టుమీద బిడ్డయు నున్నది. ఈ రెంటిని కలుపు మాట యొక్కటి కావలెను: “అయ్యా, వాగు ప్రక్క తోటలో గుడారములు వేసికొన్నారు, బడియీడు పిల్లలు ఆఱుగురున్నారు” అని ఉపాధ్యాయురాలు చెప్పవలెను. “రేపు వెంటబెట్టుకొని రండమ్మా, చేర్చుకొందము” అని ప్రధానోపాధ్యాయుడు పలుకవలెను. “మనకెందుకు లేనిపోని లెక్కలు” అని యాయన యొక్కమారు విసుగుకొన్నచో, మరుసటి యేడు ఆమె గట్టువైపు చూపు త్రిప్పదు. చట్టము పుస్తకములోనే యుండిపోవును.

ఈ భయము ఎక్కడనుండి వచ్చినది? అది నేటిది కాదు. దొరల కాలమున చెన్నరాజధానిలో ఫలితములనుబట్టి గ్రాంటు లిచ్చు పద్ధతి యొకటి యుండెడిది. తనిఖీ యధికారి వచ్చి పరీక్షించినపుడు ఎందరు పిల్లలు నెగ్గిరో దానినిబట్టి బడికి ద్రవ్యము లభించెడిది. బోధన పిల్లవానికొఱకు గాక అధికారి కంటికొఱకు జరుగుట అప్పుడే యలవడినది. 1920 నాటి ప్రాథమిక విద్యాచట్టము, జిల్లా బోర్డుల పరిపాలన, 1959లో జిల్లా పరిషత్తులు, ఇట్లు యజమానులు మారిరి. దొరలు పోయిరి, తెలుగువారే యధికారులైరి. కాని తనిఖీ యనగానే తరగతిని అలంకరించి చూపు నలవాటు మాత్రము మనలను వదలలేదు. ప్రభుత్వము మనదైన పిమ్మటను పై యధికారిని పరాయివానిగా చూచుట మానకపోతిమేని, స్వరాజ్యము బడి గడప దాటలేదనియే చెప్పవలెను.

ప్రధానోపాధ్యాయుని పక్షమునను చెప్పవలసినది గలదు. ఆకస్మిక సెలవునకు ఆయన సంతకము, ఇంక్రిమెంటునకు ఆయన సంతకము, ఉన్నత పాఠశాలలో జీతపు బిల్లునకును ఆయన సంతకమే. చూచువారికి అదియంతయు నధికారముగా దోచును. కాని ఆయన ప్రొద్దు గడచుచున్న తీరు చూడుడు. భోజన పథకపు బియ్యము, మరుగుదొడ్ల చిత్రములు, అడిగినదే మరల నడుగు పట్టికలు, పొద్దస్తమానము మ్రోగు ఫోను. పైవారు కాలు దువ్వుదురు, క్రిందివారు మొగము మాడ్చుకొందురు. 2022 ఆగస్టులో ఉపాధ్యాయులు ముఖమును గుర్తించు యాప్ ద్వారా హాజరు వేసికొనవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మాదేశించినపుడు ఉపాధ్యాయ సంఘములు గట్టిగా ప్రతిఘటించినవి. వేళకు వచ్చుట ధర్మమే. దానిని మేము తక్కువ చేయము. కాని ఎవరు ఎన్ని గంటలకు వచ్చిరో యంత్రము చెప్పగలదు. వచ్చినవా రేమి బోధించిరో, ఎవరి కన్నీరు తుడిచిరో అది యెఱుగదు. దానిని ఎఱుగగలవాడు ప్రధానోపాధ్యాయు డొక్కడే. ఆయననే లెక్కల గుమాస్తాగా మార్చినచో ఎఱుగువాడే లేకుండును.

అధికారి ఉపాధ్యాయుని నిజముగా నడిగిన పక్షమున నేమి జరుగునో చెప్పు ఉదాహరణము మన చరిత్రలోనే కలదు. 1906 ప్రాంతమున ఉత్తర జిల్లాలలో పాఠశాలల తనిఖీకి జె. ఏ. యేట్స్ అను ఆంగ్లేయుడు వచ్చెను. తెలుగు నేర్చినవాడు. పుస్తకములలోని తెలుగునకును ప్రజలు మాటలాడు తెలుగునకును ఇంత యంతర మెందుకని ఆయనకు సందేహము కలిగెను. ఆ సందేహమును దాచుకొనక ఇచ్చటివారినే యడిగెను. విశాఖపట్టణపు ఏ. వి. ఎన్. కళాశాలాధ్యక్షుడు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలో నుపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి, విజయనగర సంస్థానమున నున్న గురజాడ అప్పారావు ఆ ప్రశ్నను తమదిగా చేసికొనిరి. వ్యావహారిక భాషోద్యమ మట్లు మొదలైనది. మేము వ్రాయుచున్న యీ భాష ఆ యుద్యమమునకు పూర్తిగా లొంగినది కాదని పాఠకులు నవ్వుకొందురు గాక. అది వేరు విషయము. తనిఖీ యధికారి యొకడు తప్పులు పట్టుటకు గాక తనకు తెలియనిది తెలిసికొనుటకు అడిగినాడు. ఉపాధ్యాయుడు తోచిన సత్యమును సంకోచింపక చెప్పినాడు. ఒక ప్రశ్నకు నిజమైన సమాధానము దొరకినందున తెలుగు వచనపు దారియే మారినది.

ఉత్తరువులకు లొంగని పని యొకటి ఉపాధ్యాయుని చేతిలో నుండును. దానికి నిదర్శనము మన సీమలోనే కలదు. 1872లో ఒంగోలు చెంతనున్న వినోదరాయునిపాలెమున జన్మించిన టంగుటూరి ప్రకాశము చిన్ననాటనే తండ్రిని పోగొట్టుకొనెను. తల్లి ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి బిడ్డలను పోషించెను. ఆ పట్టణపు మిషన్ పాఠశాలలో నుపాధ్యాయుడైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఆ బాలుని తెలివిని గుర్తించి, తాను రాజమహేంద్రవరము పోవునపుడు వెంటబెట్టుకొనిపోయి చదివించెను. ఆ బాలుడే 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియైనాడు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరే పెట్టబడినది. పిల్లవానిని వెంట గొనిపొమ్మని నాయుడుగారికి ఏ యధికారియు నుత్తరువీయలేదు. అట్టి మనస్సును మెమోతో పుట్టింప నెవరి తరమును గాదు. దానిని చంపుట కొక్క మెమో చాలును. తన క్రింది యుపాధ్యాయులలో ఆ మనస్సున్నవా రెవరో కనిపెట్టి, వారికి చోటిచ్చి, అడ్డు తొలగియుండుట ప్రధానోపాధ్యాయుని విద్యలలో నుత్తమమైనది.

పాశ్చాత్యులు ఈ విషయమును లెక్కలతో పరీక్షించి యున్నారు. ఆంథొనీ బ్రిక్, బార్బరా ష్నైడర్ అను పండితులు షికాగో నగరమున సుమారు 400 ప్రాథమిక పాఠశాలలను 1990 దశకమున పరిశీలించి, 2002లో ఒక గ్రంథమును వెలువరించిరి. పెద్దలకు నడుమ నమ్మకము బలముగా నున్న పాఠశాలలలో రెంటికొకటి చదువులో గణనీయముగా నభివృద్ధి చెందెను. నమ్మకము సన్నగిల్లిన పాఠశాలలలో ఏడింటికొకటి మాత్రమే యట్లు చేయగలిగెను. ఆ నమ్మకమునకు వారు చెప్పిన లక్షణములు నాలుగు: ఎదుటివానిని గౌరవించుట, అతని కష్టసుఖముల పట్ల శ్రద్ధ, పని తెలిసియుండుట, మాటకు చేతకు పొందిక. షికాగోకును సత్తెనపల్లికిని పోలిక లేదనవచ్చును. కాని ఈ నాలుగింటిలో మన పెద్దలెఱుగని దొక్కటియు లేదు. మన బడులలో నెన్నింట నవి యున్నవన్నదియే ప్రశ్న.

ఒక విచిత్రము గమనింపుడు. 2025లో ఆంధ్రప్రదేశ్ చేసిన ఉపాధ్యాయ బదిలీల చట్టము ప్రకారము ప్రధానోపాధ్యాయుడు ఒకచోట 5 విద్యాసంవత్సరములు, ఉపాధ్యాయుడు 8 విద్యాసంవత్సరములు నిండిన పిమ్మట కదలి తీరవలెను. అనగా సామాన్యముగా ఊరిని, పిల్లలను, తలిదండ్రులను ముందుగా నెఱిగినవాడు ఉపాధ్యాయుడు. కొత్తగా వచ్చువాడు ప్రధానోపాధ్యాయుడు. వచ్చిన మొదటి మాసముననే కుర్చీ జరిపి, కాలపట్టిక మార్చి, పాతవన్నియు తప్పులని చాటువాడు ఇల్లు తెలియకయే దీపము వెలిగింపబోవు వాని వంటివాడు. మొదటి మాసమంతయు వినుటకే కేటాయింపవలెను. ఎవరు ఏ తరగతిలో నేమి కష్టపడుచున్నారో వారి నోటనే వినవలెను. పాతవారును కొత్తవాని తప్పునకై పొంచియుండక, ఊరి గుట్టుమట్లు చెప్పి చేయూత నీయవలెను.

ఇక ఆచరణలోనికి దిగుదము. ప్రధానోపాధ్యాయుల కొకటి రెండు మాటలు మనవి చేయుదుము. తరగతికి పోయి చూడుడు, కాని తప్పుల పుస్తకము చంకబెట్టుకొని పోకుడు. తప్పు కనబడినచో గదిలో నేకాంతమున చెప్పుడు. మంచి కనబడినచో ప్రార్థన వేళ నలుగురిలో చెప్పుడు. మనలో చాలమంది దీనిని తలక్రిందులుగా చేయుచున్నారు. పని పంచునపుడు సమముగా పంచుడు: కష్టమైన తరగతియు, ఎండవేళ పీరియడును, భోజనపు పర్యవేక్షణయు ఎల్లప్పుడు నోరులేని వారికే వచ్చినచో ఉపాధ్యాయుల గది రెండు కూటములగును. పట్టణమునుండి బస్సు పట్టుకొని, ఆటో మారి వచ్చు ఉపాధ్యాయినుల యిబ్బందిని సాకు అనకుడు. సోమరితనమునకు సాకుగా దానిని వాడువారిని క్షమింపను వలదు. రెంటికి భేదము తెలిసికొనుటయే మీ వివేకము.

మఱియొకటి కలదు, చెప్పుటకు కటువుగా నున్నను దాచరాదు. ఉపాధ్యాయుల గదిలో కులము కూర్చుండియున్నచో సామరస్యమునకు కుర్చీ యుండదు. వినుకొండలో జన్మించి, గుంటూరులో తెలుగు పండితుడుగా పనిచేసిన గుఱ్ఱం జాషువ 1941లో గబ్బిలము వ్రాసెను. తోటిమనుష్యుడు తాకరానివాడని తలచు సంఘమున విద్వాంసుడైనను ఎంత గాయపడునో ఆ కావ్యము లోకమునకు చాటినది. నేడు బాహాటముగా దూరముంచువా రుండకపోవచ్చును. కాని ఎవరి సెలవుచీటి వెంటనే మంజూరగుచున్నది, ఎవరిది బల్లపై నానుచున్నది, తేనీటి వేళ ఎవరు ఎవరితో కూర్చుండుచున్నారు అను చిన్న విషయములలో నది యింకను దాగియున్నది. దానిని చూచియు చూడనట్లుండు ప్రధానోపాధ్యాయుడు నమ్మకమును గూర్చి యెంత ప్రసంగించినను వినువా రుండరు.

ఉపాధ్యాయులకును చెప్పవలసినది తక్కువ గాదు. చట్టము మీపై నుంచిన బాధ్యత, సిద్ధపాటుతో గూడ వారమునకు 45 గంటలు. ఏడాదికి 5వ తరగతి వరకు 200, 6 నుండి 8 వరకు 220 పనిదినములు. ఈ లెక్క తీరనంతవరకు ఎదుటివాని లోపము లెన్నుట శోభింపదు. ప్రధానోపాధ్యాయునితో పేచీ వచ్చినచో మొదట ఆయనతోనే మాటలాడుడు. సంఘ మున్నది, న్యాయము జరుగనప్పుడు దాని యండ కోరుట మీ హక్కు. కాని ఎదురుగా నొక్కమాట చెప్పకయే ఫిర్యాదును రాజకీయ నాయకుని గుమ్మమునకు గొనిపోవుట పిరికితనము. అట్లు పోయిన తగవు బడికి తిరిగి వచ్చునపుడు తగవుగా రాదు, పార్టీగా వచ్చును. దాని ఫలితమును అనుభవించువారు పిల్లలు.

తలిదండ్రులను మరచి చేయు సామరస్యము సగము సామరస్యమే. విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే యుండవలెను. మొత్తము సభ్యులలో సగము స్త్రీలు. 2024 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రమంతటను తలిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు జరిగినవి. బాపట్ల పురపాలకోన్నత పాఠశాలలో జరిగిన సభకు ముఖ్యమంత్రియే వచ్చెను. మంచిదే. కాని ముఖ్యమంత్రి రాని దినమునను ఆ సభ జరుగవలెను. మా సూచన యొక్కటి: జనవరి మొదటి వారమున, కోతలు ముమ్మరము గాకముందే, ప్రతి యూరి బడిలో ప్రధానోపాధ్యాయుడు, ఉపాధ్యాయులు, తల్లులు ఒక సాయంకాలము కూర్చుండవలెను. ఏ బిడ్డ కోతకు పోవు నవకాశమున్నదో పేరుపేరున చెప్పుకొనవలెను. చంటిబిడ్డల నెక్కడ నుంచవలెనో, చదువు తప్పినవారికి ఎవరు ఏ వేళ చెప్పవలెనో తీర్మానించుకొనవలెను. ఆ సభలో ఉపాధ్యాయుడు నిజము చెప్పుటకు జంకనక్కర లేదు. అందరికి నది ముందే తెలియును గదా.

హాజరుపట్టీలో 28 అని వ్రాయగల ధైర్యమునకే మేము సత్సంబంధ మని పేరు పెట్టుచున్నాము. ఆ సంఖ్యను చూచి ప్రధానోపాధ్యాయుడు “ఏల తగ్గినది?” అని గద్దించినచో, మరునాడు అది 36 అగును, పిల్లలు మాత్రము 28 మందియే యుందురు. “ఆ 12 మంది యెక్కడ నున్నారు? పదండి, పోయి చూతము” అని లేచినచో, ఇద్దరును కలిసి తోటగట్టు మీద నడచిపోవుదురు. ఆ నడకలో పెద్ద పంతులెవరో, చిన్న పంతులెవరో దూరమునుండి చూచు కూలితల్లికి తెలియదు. తన బిడ్డకొఱకు బడి నడచి వచ్చినదని మాత్రము తెలియును. ఈ యేటి కోతలు ముగియులోపల మన పల్లెలలో నిట్టి దృశ్యములు నాలుగు కనబడునట్లు చూచుట ప్రధానోపాధ్యాయులకును, ఉపాధ్యాయులకును, వారిని కనిపెట్టియుండవలసిన పాఠక మహాశయులకును గూడ విధి.